సవతమ్మకు పెట్టని చీర

2011 అక్టోబర్ నాలుగు, మంగళవారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలు. సద్దుల బతుకమ్మ రోజు. సరిగ్గా ఆ నిమిషానికి కరెంటు పోయింది కాబట్టి ఇంత నిక్కచ్చిగా చెప్పగలుగుతున్నాను. పూజ గదిలో గోడ గడియారం కింద నిలబడి కొత్త చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటున్నాను. గౌరమ్మ ముందు దీపం తప్ప ఇల్లంతా చీకటయింది. ఆ చీర నేను అప్పుడే కట్టకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే కట్టుకున్నాను.

మా ఇంట్లో ఎవరు ఏ నక్షత్రంలో పుట్టారో, ఏ తిథికి ఎవరి పేరున అన్నం పెట్టాలో, ఎవరి మొక్కు ఏ గుడిలో తీరకుండా ఉండిపోయిందో అందరూ నన్నే అడుగుతారు. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా ఇల్లు ఎల్బీనగర్ చౌరస్తా నుంచి లోపలికి, కాలనీ చివరి వీధిలో చివరిది. మా ప్రహరీ దాటితే గట్టు. ఎనిమిదెకరాలు ఉంటుందేమో. బండరాళ్ళు, వేప చెట్లు, సీతాఫలం పొదలు, ఎటు చూసినా తంగేడు. కాలనీ వాళ్ళం దాన్ని అడివి అనే అంటాం. ఎండాకాలంలో కూడా అటు నుంచి వచ్చే గాలి చల్లగా ఉంటుంది. తెల్లవారుజామున నెమళ్ళు అరుస్తాయి. బతుకమ్మకు కావలసిన తంగేడు, గునుగు మేము ఏనాడూ కొనలేదు.

ఆ గట్టుకు కాగితాలు ఉన్నాయని ఒక ప్లాట్ల ఆయన బయలుదేరాడు. ఊరంతా సకల జనుల సమ్మెలో ఉంది, పోలీసులకు తీరిక లేదు, ఇదే సందని నవమి పొద్దున ఏడు గంటలకు జేసీబీలు తెస్తున్నట్టు కబురు వచ్చింది. అప్పటికి నలభై రోజులుగా మా ఆడవాళ్ళం వంతులు వేసుకుని గట్టు మొదట్లో కూర్చుంటున్నాం. అందరికీ ముందు మా అత్తమ్మ అండాలమ్మ. డెబ్బై నాలుగేళ్ళు, నడుము వంగిపోయింది, అయినా చాప చంకన పెట్టుకుని అందరికన్నా ముందు వచ్చేది. "నా పెయి మీదికెళ్ళి తోలుమను జేసీబీ, సూస్త," అనేది. పేపర్లో ఆమె ఫొటో వేసి అడవి తల్లి అని రాశారు. నేను ఆ కాగితం కత్తిరించి దేవుడి పటం వెనుక దాచాను. అత్తమ్మకు చెట్లంటే ఇంత ప్రాణమా అని ఆశ్చర్యపోయేదాన్ని.

గట్టు నడుమ ఒక తంగేడు పొద ఉంది. మిగతా వాటికన్నా రెట్టింపు ఎత్తు. దాని పూలు ఎవరినీ తెంపనిచ్చేది కాదు అత్తమ్మ. ఎండాకాలంలో బిందెతో నీళ్ళు మోసి పోసేది.

ఇక చీర సంగతి.

నేను మా ఆయన సీతారాములుకు రెండో భార్యను. మొదటి ఆమె పేరు విజయశ్రీ. పొడుగ్గా, పచ్చగా ఉండేదట. పెళ్ళయిన రెండేళ్ళకు, 1987లో, సద్దుల బతుకమ్మ సాయంత్రమే ఎవరితోనో వెళ్ళిపోయిందని చెప్పారు. రెండేళ్ళు చూసి, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి నన్ను చేసుకున్నారు. మా నల్లగొండ వైపు ఒక ఆచారం ఉంది. మొదటి భార్య చనిపోయిన ఇంటికి రెండో భార్యగా వెళ్తే, పోయినామె గుర్తుగా చిన్న వెండి బిళ్ళ పుస్తెలతో పాటు మెడలో వేస్తారు. ఆమెను సవతమ్మ అంటారు. ఇంట్లోకి ఏ కొత్త చీర వచ్చినా ముందు పళ్ళెంలో బిళ్ళ పెట్టి, పసుపు కుంకుమ వేసి, చీర ఆమెకు పెట్టాలి. ఆమె కట్టిందనుకున్నాకే మనం కట్టాలి. నా పెళ్ళి రోజున అత్తమ్మ తన చేతులతో ఆ బిళ్ళ నా మెడలో వేసింది.

ఇరవై రెండేళ్ళు అలాగే చేశాను. ప్రతి చీరా రెండో చేతిదే.

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సుల డిపోలో మెకానిక్. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సూ ఆగగానే, బ్రేకులు చూసే వంకతో ఎక్కి, సీట్లన్నీ ఒకసారి చూసి దిగుతాడని ఆయనతో పనిచేసే అంతయ్య ఒకసారి నవ్వుతూ చెప్పాడు. "మా అన్న సీట్ల కింద ఏం దేవులాడుతడో వదినా." నేనూ నవ్వాను. ఆ రాత్రి దీపం ముందు కూర్చుని, ఆ విజయశ్రీ ఎక్కడున్నా చచ్చిపోవాలని మొక్కుకున్నాను. గౌరమ్మ ముందు ఒక ఆడదాని చావు కోరాను. అది నిజం.

సమ్మెతో బస్సులు ఆగి, మా ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. ఏమనుకున్నాడో, పండుగకు రెండు రోజుల ముందు దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వెళ్ళి ఒక చీర తెచ్చాడు. ముదురు ఆకుపచ్చ, సన్నటి పసుపు అంచు. ఇరవై రెండేళ్ళలో ఆయన తనంతట తాను తెచ్చిన మొదటి చీర. "కట్టుకో," అన్నాడు. అంతే అన్నాడు. నేను పొయ్యి ముందు నిలబడి చాలాసేపు ఏడ్చాను.

పండుగ రోజు మధ్యాహ్నం వరండాలో బతుకమ్మ పేరుస్తుంటే పక్కింటి లలితకుమారి వచ్చి కూర్చుంది. వాళ్ళది తెనాలి వైపు. ఉద్యమం రోజుల్లో ఆమె ఇంటి నుంచి బయటికి రావడానికే బెదిరేది. గట్టు గొడవ మొదలయ్యాక మాత్రం మా చాప మీదికి వచ్చేసింది.

"మీ తెలంగాణ మీరు తీసుకోండి వదినా. ఈ గట్టులో సగం మాత్రం నాకు రాసివ్వండి. పొద్దున్నే నేను నడవాలిగా."

"సగం ఏడిది? పావు ఇస్తం. ముప్పావు మా అత్తమ్మదే."

ఆమె నవ్వి, గునుగు పూలు కట్ట కట్టి అందిస్తూ నా మెడవైపు చూసింది. "పుస్తెల పక్కన ఆ బిళ్ళ ఏమిటి? ఎన్నాళ్ళుగానో అడుగుదామనుకుంటున్నాను."

చెప్పాను. ఆమె పూలు కింద పెట్టింది.

"అదేమిటి వదినా. ఆవిడ వెళ్ళిపోయిందన్నారుగా. బతికున్న మనిషికి ఇలా కడతారా?"

నేను తంగేడు ఇంకో వరుస పేర్చాను. పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు అదే మాట అత్తమ్మను అడిగాను. "ఉన్నదో, పోయిందో, ఎవరికెరుక. మంచిదే గద బిడ్డా," అంది. ఇంకోసారి అడగలేదు. ఎందుకు అడగలేదంటే, ఆమె చచ్చిందన్న గుర్తు నా మెడలో ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఆ సాయంత్రం చీర మడత విప్పాను. పళ్ళెం తీశాను. బిళ్ళ దారం విప్పి చేతిలో పట్టుకున్నాను. ఆయన నాకు తెచ్చాడు. నాకు. ఇది కూడా దానికి ముందు పెట్టాలా అనిపించింది. బిళ్ళను బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టాను. కొత్త చీర కొత్తగానే ఒంటికి తగిలింది. అప్పుడే కరెంటు పోయింది.

మేము గట్టు ఎక్కేసరికి ఏడయింది. బతుకమ్మలను నడుమ పెట్టి, ఆడుకున్నాక సరూర్‌నగర్ చెరువుకు తీసుకుపోదామని అనుకున్నాం. అత్తమ్మ కాక పదమూడు మందిమి. పసుపు, నువ్వుల పొడి పొట్లాలు నేనే కట్టాను కాబట్టి లెక్క తెలుసు. అష్టమి చంద్రుడు మబ్బుల్లో ఉన్నాడు. బతుకమ్మల మీద దీపాలు తప్ప వెలుగు లేదు. చౌరస్తా వైపు నుంచి నినాదాలు సన్నగా వినపడుతున్నాయి. నలిగిన తంగేడు వాసన, నూనె వత్తుల వాసన, వాటి కింద ఇంకేదో తడిమట్టి వాసన. వాన పడి పది రోజులయింది.

అత్తమ్మ ఎప్పటిలాగే ఆ పెద్ద పొద పక్కన బండ మీద కూర్చుంది. చీకట్లో నా చీర ఆమెకు కనపడలేదు.

పాట మొదలైంది. వంగి ఒక చప్పట్లు, లేచి ఒక చప్పట్లు, ఒక అడుగు. పదమూడు జతల చేతులు ఒక్క చప్పుడు కావాలి. మూడో చుట్టులో అనుకుంటాను, మా చప్పుడు అయిపోయాక ఇంకొకటి వినపడింది. ఒక్కటే. కొంచెం ఆలస్యంగా.

బండకు తగిలి తిరిగొచ్చిన చప్పుడనుకున్నాను. మళ్ళీ వంగాం. చప్పట్లు. కొంచెం ఆగి… చప్పట్లు.

అది పొద వైపు నుంచి వస్తోంది.

అత్తమ్మ బండ మీద నుంచి లేచి నిలబడడం కనిపించింది. నడుము అంత నిటారుగా ఎలా లేచిందో.

"పాట ఆపకుండ్రి," అంది. "గట్టిగ కొట్టుండ్రి. గట్టిగ."

గట్టిగా కొట్టాం. అదీ గట్టిగా కొట్టింది. ఈసారి దగ్గరగా. నా వెనుక. ఆ తర్వాతి అడుగుకు, నాకూ లలితకుమారికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. నేను ఆమె వైపు జరిగాను. ఖాళీ తగ్గలేదు. ఆమె నా వైపు జరిగింది. తగ్గలేదు.

"వదినా…" లలితకుమారి పాట ఆపింది. "మీ పక్కన ఎవరు?"

ఆ ఖాళీలో నుంచి రెండు చేతులు కలిసిన చప్పుడు వచ్చింది. తడి చేతులు.

ఎవరో పాము అని అరిచారు. అందరూ పరుగెత్తారు. లలితకుమారి నన్ను లాగబోయింది, కానీ అప్పటికే నా మణికట్టు అత్తమ్మ పట్టుకుంది. "నువ్వు పో బిడ్డా. మా ఇంటి సంగతిది," అని ఆమెను పంపేసింది. దీపాలు ఒకటొకటే ఆరిపోతున్నాయి. మిగిలిన ఒక్క దీపం వెలుగులో అత్తమ్మ నా చీర చూసింది.

"బిళ్ళ ఏది?"

"ఇంట్ల ఉంది."

"చీర పెట్టినవా ముందు?"

"లేదు అత్తమ్మా."

ఆమె గొంతులోంచి మాట కాదు, గాలి వచ్చింది. "గిదే రంగు. గా దినం గిసొంటిదే తెచ్చిండు దానికి. నాకు తేలే. కన్నతల్లికి తేలే."

ఆ మాట విన్నప్పుడు భయం కన్నా ముందు నాకు వచ్చింది అసూయ. ఆయన దుకాణంలో ఆ రంగు చూసి ఎవరిని తలచుకున్నాడో అర్థమైంది. నా మొదటి చీర కూడా నాది కాదు.

అత్తమ్మ చెప్పడం మొదలుపెట్టింది. గుసగుసగా, ఎవరో వింటారన్నట్టు. ఆ పొద ఉన్నచోట అప్పట్లో పాత మోటబావి ఉండేది. నీళ్ళు లేవు. పైన తీగలు అల్లుకుని కనపడేది కాదు. విజయశ్రీ ఆకుపచ్చ చీర కట్టుకుని తంగేడు తెంపడానికి వచ్చి అందులో పడింది. వెనుకే వచ్చిన అత్తమ్మ చూసింది.

"అత్తమ్మా అని పిల్శింది. జరసేపు ఉండనీ, గర్వం దిగనీ అనుకున్న. అంతే అనుకున్న. ఇంటికి పోయిన. మల్లొచ్చేసరికి గొంతు పోయింది. చప్పట్లు కొడ్తున్నది. గప్పుడు అందరాడోళ్ళు ఈడ ఆడుతున్నరు. మా చప్పట్లల్ల దాని చప్పట్లు కల్శిపోయినయి. నేను గట్టిగ కొట్టిన. ఎవ్వలికి ఇనవడద్దని."

"తెల్లారి?"

"తెల్లారి గూడ కొట్టింది. మాపటిదాంక."

మూడో రోజు, లేగదూడ పడి వాసన వస్తోందని చెప్పి, మనుషుల్ని పెట్టి రాళ్ళు, మొరం పోయించింది. పైన తంగేడు నాటింది.

నలభై రోజులు ఆమె చాప వేసుకుని కాపాడింది అడవిని కాదు.

అప్పుడు నా కొంగు కదిలింది. గాలి లేదు. ఎవరూ లాగలేదు కూడా. దుకాణంలో బట్ట నాణ్యం చూసేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నలుపుతాం చూడండి… అలా. నెమ్మదిగా. అంచు దాకా.

"ఇచ్చెయ్," అంది అత్తమ్మ. "ఈడనే ఇప్పి ఇచ్చెయ్ అరుణమ్మా."

దేవుడి పేరు నోటికి రావాలి. రాలేదు. "నాది," అన్నాను. "ఇది నాది."

చప్పట్లు. నా చెవి పక్కన. తడిమట్టి నా చెంప మీద చిందింది.

మళ్ళీ. మళ్ళీ. ఆగకుండా.

అత్తమ్మ నా చెయ్యి వదిలేసింది. మోకాళ్ళ మీద పొద దగ్గరికి పాకింది. కొమ్మలు చీలుస్తూ మొదట్లోకి వెళ్ళి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. "ఒస్తున్న బిడ్డా… ఇన్న… ఇనవడ్డది… ఒస్తున్న…"

నిశ్శబ్దం. కీచురాళ్ళు కూడా లేవు.

తర్వాత భూమి లోపలి నుంచి, చాలా లోతు నుంచి, ఒక్కటి.

కాలనీలో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. కరెంటు వచ్చింది.

అత్తమ్మను ఎత్తుకొచ్చినట్టే ఇంటికి తెచ్చాను. బతుకమ్మలు గట్టు మీదే ఉండిపోయాయి. ఆ రాత్రి అవి నీళ్ళు చూడలేదు. నేను చీర విప్పి, మడిచి, పళ్ళెంలో పెట్టాను. బియ్యంలో చెయ్యి పెట్టి బిళ్ళ తీసి దాని మీద ఉంచాను. పసుపు వేశాను. తప్పయిందని లెంపలు వేసుకున్నాను.

మా ఆయన సమ్మె సభ నుంచి వచ్చి ముందు గదిలో మంచం మీద వాలాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె నిన్ను విడిచిపెట్టి పోలేదు. ఒక్క మాట. ఇరవై నాలుగేళ్ళుగా బస్సు సీట్లు చూస్తున్న మనిషికి ఆ ఒక్క మాట చాలు. కానీ చెబితే ఆయన రేపు పొద్దున జేసీబీ కోసం ఆగడు, గోళ్ళతోనే తవ్వుతాడు. తవ్వి, ఆమెను తెచ్చుకుని, ఇక జన్మంతా ఆమె మొగుడిగానే ఉంటాడు. వదిలేసి పోయిన భార్యతో నేను ఇన్నాళ్ళు కాపురం పంచుకోగలిగాను. చప్పట్లు కొట్టి పిలుస్తూ చచ్చిన భార్యతో పంచుకోలేను.

"ఏంది గట్ల నిలవడ్డవ్?" అన్నాడు.

"అన్నం పెట్టాల్నా?" అన్నాను.

తర్వాత వెనుక గదిలో అత్తమ్మ పక్కన పడుకున్నాను. నిద్రలో కూడా ఆమె అరచేతులు ఒకదానికొకటి వెతుక్కుంటుంటే, రెండింటినీ నా గుప్పిట్లో పట్టుకుని తెల్లవార్లూ అక్కడే ఉన్నాను. ఒక్క నిమిషం కూడా లేవలేదు.

పొద్దున ఐదున్నరకు మా ఆయన అప్పటికే స్నానం చేసి, తల దువ్వుకుని, వంటింట్లోకి వచ్చాడు. మొహంలో ఒక వెలుగు. నా పెళ్ళిలో కూడా నేను చూడని వెలుగు.

"రాత్రి గా చీరల మంచిగున్నవ్ అరుణా," అన్నాడు, చాయ గ్లాసు అందుకుంటూ. "కరెంటు మల్ల పాయె, మొఖం సక్కగ అవుపడలే. ఏమన్న మాట్లాడ్తవేమో అనుకున్న. రెండు చేతులు నా చేతుల్ల పెట్టి తెల్లార్లు కూసుంటివి. గంత చల్లగున్నయేంది చేతులు? గాజులెందుకు తీసినవ్?"

పాలు పొంగుతున్నాయి. పొయ్యి తగ్గించాను.

"ఊకెనే," అన్నాను. "బరువనిపించి."

పూజ గదిలోకి వెళ్ళాను. పళ్ళెంలో చీర మడతపెట్టే ఉంది, బిళ్ళ దాని మీదే ఉంది. చీర విప్పి చూశాను. నేను పొట్టిదాన్ని, నడుము దగ్గర జానెడు లోపలికి దోపుతాను. ఆ మడత చెరిగిపోయింది. దాని బదులు రెండు వేళ్ళంత మడతే ఉంది. అంచు చుట్టూ ఎర్రమట్టి. ఇంకా తడిగా.

ఏడు గంటలకు ఇంటికి తాళం వేసి ముగ్గురం గట్టుకు వెళ్ళాం. అత్తమ్మను నేను నడిపించాను. కాలనీ ఆడవాళ్ళందరూ వచ్చారు. లలితకుమారి నా మొహం చూసింది, నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. జేసీబీలు రెండు వచ్చి దూరంగా ఆగాయి. అంతయ్య, డిపో వాళ్ళు వచ్చి మగవాళ్ళ వరుసలో నినాదాలు ఎత్తుకున్నారు. ప్రతి నినాదానికీ అందరూ చప్పట్లు.

అందరివీ ఆగాక, మా వెనుక తంగేడు పొదల్లో నుంచి, ఒకటి ఎక్కువ వినపడింది.

ఎవరూ పట్టించుకోలేదు. మా ఆయన మాత్రం తల తిప్పాడు. పిలిస్తే పలికినట్టు నవ్వుతూ, మెడ చాచి పొదల వైపు చూస్తూ, లేవబోయాడు.

నేను లలితకుమారి చెయ్యి విడిపించుకున్నాను. కొంగు నడుముకు చుట్టుకుని, రెండు చేతులూ ఎత్తి, ఆయనకు అది ఇంకోసారి వినపడకుండా, గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను.